విజ్ఞానశాఖలలో తండా విద్యార్థి

నాగార్జునసాగర్ ఎడమకాలువ వెంట మిర్యాలగూడ మీదుగా కోదాడ వైపు పోవు బాటసారికి ఇరువైపుల వరిపొలములు, వాని వెనుక రైసుమిల్లుల పొగగొట్టములు కనిపించును. ఆ మాగాణి అంచున, కాలువనీరు ఎక్కని మెరకభూములలో, లంబాడీల తండాలు కలవు. 1955 డిసెంబరు 10వ తేదీన ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలినారు. రెండు కాలువల క్రింద కలిపి సుమారు 22 లక్షల ఎకరముల ఆయకట్టు ఉన్నదని లెక్క. నీరు ఎచ్చటికి పారవలెనో భూమి ఎత్తుపల్లములే నిర్ణయించును. చదువు కూడ అట్లే సహజముగా పారుచున్నదని కొందరు పెద్దలు తలంతురు. కాని చదువు దారిలోని మెరకలు భూమి చేసినవి కావు, మనుష్యులు చేసినవి.

ఈ తండాలకు విశ్వవిద్యాలయపు తలుపు తెరచినది చట్టము. అంతకు పూర్వము పరిస్థితి ఎంత విచిత్రమైనదో నేటి యువకులు ఎరుగరు. కృష్ణకు ఆవల, గుంటూరు జిల్లాలోని సుగాలీలు, అనగా లంబాడీలు, షెడ్యూల్డు తెగలవారుగా పరిగణింపబడుచుండిరి. ఈవల నల్లగొండ జిల్లాలోని వారి వియ్యంకులు, మేనమామలు మాత్రము ఆ జాబితాలో లేరు. ఒకే భాష, ఒకే పండుగలు, ఒకే పేదరికము. నడుమ ఒక నది. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టము 1977 జూలైలో అమలునకు వచ్చిన తరువాతనే ఈ భేదము పోయినది. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డు తెగలవారు నూటికి 11 మందికి పైగా ఉండిరి. వారిలో అత్యధికులు లంబాడీలే. తెలంగాణ ప్రభుత్వము 2022లో ఈ తెగల రిజర్వేషనును నూటికి 6 నుండి 10కి పెంచినది. కావున నేడు భౌతిక, రసాయన, గణిత శాఖల తరగతులలో తండాలనుండి వచ్చిన విద్యార్థి లేడని ఎవరును అనజాలరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలలో బి.ఎస్సీ. ముగించి, నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమునకో, హైదరాబాదులోని ఉస్మానియాకో, కేంద్రీయ విశ్వవిద్యాలయమునకో ఏటేట కొందరు పోవుచున్నారు.

సీటు నిండుటతో శాఖ బాధ్యత తీరినదని విజ్ఞానశాఖలు భావించుచున్నవి. ఇచ్చటనే ఆక్షేపణ. సీటు ఇచ్చునది ప్రభుత్వము; ఆ సీటులో కూర్చున్నవానిని శాస్త్రజ్ఞునిగా చేయవలసినది శాఖ. రెండవ పని జరుగనిచో మొదటిది రిజిస్టరులోని అంకెగా మిగులును. విద్యార్థి వెనుకబడినప్పుడు శాఖలు సామాన్యముగా చెప్పు కారణము ఒక్కటే: "పునాది బలహీనము." ఈ మాటను కొంచెము విప్పి చూడవలసి యున్నది.

తండాలో పుట్టిన బిడ్డ మొదట వినునది గోర్‌బోలి. అది రాజస్థానీకి చుట్టమైన ఆర్యభాష, తెలుగు ద్రావిడభాష. గోర్‌బోలికి సొంత లిపి లేదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటును లేదు. తల్లిని యాడి యనియు, నీటిని పాణి యనియు పిలిచిన బిడ్డ ఐదారేండ్ల వయసున బడికి వచ్చి, అమ్మ, ఆవు అని దిద్దును. విద్యాశాఖ కాగితములలో దీనిపేరు "మాతృభాషలో బోధన". ఎవరి మాతృభాష యని అడిగినవారు అరుదు. ఆ బిడ్డ ఐదారేండ్లలో తెలుగును తనదిగా చేసికొనును. తెలుగు నేర్చిన ఆ శ్రమకు ఏ పరీక్షలోను ఒక్క మార్కు లేదు.

అటుపిమ్మట శాస్త్రము తెలుగులో వచ్చును. ద్రవ్యవేగము, జడత్వభ్రామకము, వక్రీభవనము, విశిష్టోష్ణము, అవకలనము, సమాకలనము అను మాటలను ఆ విద్యార్థి కష్టపడి నేర్చును. వీనిలో చాలభాగము సంస్కృతము నుండి కూర్చినవి గనుక, మాగాణి ఊరి రైతుబిడ్డకును ఇవి పెరటి మాటలు కావు. అయినను అతనికి తెలుగు వాక్యమైనను ఇంటిది. తండా బిడ్డకు వాక్యము ఒక భాష, అందులోని పారిభాషిక పదము మరొక భాష. ఇంత చేసి బి.ఎస్సీ. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడై ఎం.ఎస్సీ. తరగతిలో అడుగు పెట్టిన నాడు ఈ మాటలన్నియు ఒక్కసారిగా మాయమగును. ద్రవ్యవేగము మొమెంటమ్ అయినది. జడత్వభ్రామకము మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అయినది. ఆచార్యుడు నల్లబల్లవైపు తిరిగి, ఇంగ్లీషులో ప్రశ్న వేయును. గిరగిర తిరుగు చక్రమును ఆపుటకు అంచు బరువైనచో ఎక్కువ బలము ఏల కావలెనో ఆ విద్యార్థికి తెలియును. లెక్క కూడ చేయగలడు. కాని అడుగుచున్నది దానినే యని గుర్తించులోపల ప్రశ్న పక్కవానికి పోవును. ఎదురుగా ఉన్న స్నేహితుని వేరొక పేరుతో పిలిచి, అతడు పలుకకున్నచో చెవిటివాడని నిర్ణయించుట వంటిదే ఇది.

ఈ పొరపాటు హైదరాబాదునకు కొత్త కాదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము విజ్ఞానశాస్త్రములను, వైద్యమును సైతము ఉర్దూలో బోధించినది. అందుకై 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పి, వందలాది గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినారు. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని లోకమునకు చూపిన ఘనత ఆ సంస్థది. దానిని తక్కువ చేయరాదు. కాని నిజాము రాజ్యములో తెలుగువారు సగమునకు దగ్గరగా ఉండగా, ఉర్దూ మాతృభాషగా గలవారు అల్పసంఖ్యాకులు. నల్లగొండ పల్లెనుండి పోయిన తెలుగు బాలునికి ఆ "దేశభాష" ఇంగ్లీషువలెనే పరభాష. 1948 తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు తెలుగులో శాస్త్రగ్రంథములు వెలువరించినది. ఇదియు పెద్దపని. కాని డిగ్రీ ముగిసిన చోట తెలుగు, ఎం.ఎస్సీ. మొదలైన చోట ఇంగ్లీషు నిలిచినవి. నడుమ వంతెన వేయవలసిన బాధ్యతను విశ్వవిద్యాలయ శాఖ గ్రంథకర్తలమీదను, గ్రంథకర్తలు శాఖమీదను ఉంచినారు. అందరికిని తెలిసిన ఈ గండిని అర్ధశతాబ్దము పాటు పూడ్చకుండుట ఆశ్చర్యము.

2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మొదటి తరగతి నుండి ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టిరి గనుక ఇక ఈ బాధ తీరునని కొందరి ఆశ. తల్లిదండ్రులు కోరినదే అది. వారి కోరిక అన్యాయమైనది కాదు. కాని మాధ్యమము పేరు మారినంతనే బోధించు గురువు భాష మారదు. అదియుగాక, నేడు మొదటి తరగతిలో ఉన్న బిడ్డ విశ్వవిద్యాలయమునకు వచ్చుటకు పదునైదేండ్లు పట్టును. అంతవరకు వచ్చువారందరు పాత దారిన వచ్చువారే.

భాషతో కథ ముగియదు. శాఖలోని వ్రాయని నియమములు కొన్ని కలవు. ప్రయోగశాలలో జంటలుగా చేరుడని ఆచార్యుడు చెప్పును. స్నేహములను బట్టి జంటలు ఏర్పడును. పట్టణపు బాలుడు పరికరమును ముట్టుకొనును. తండా బాలుడు కొలతలు పుస్తకములో వ్రాయును. ఏడాది చివర ఒకనికి స్పెక్ట్రోమీటరు తిప్పుట వచ్చియుండును, రెండవవానికి దస్తూరి కుదిరియుండును. మౌఖిక పరీక్షలో ఎంత తెలియునన్న దానితోపాటు ఎంత వేగముగా ఇంగ్లీషులో పలుకునన్నదియు తూగును. ప్రవేశపరీక్షలో నీ ర్యాంకు ఎంత యని తోటివారు అడుగుటలో కులమును కనుగొను ఉపాయము దాగి యున్నది. ఇది అడుగువానికిని, అడిగించుకొనువానికిని తెలిసిన రహస్యమే. అన్నిటికంటె బరువైనది పరిశోధన పర్యవేక్షకుని కేటాయింపు. పర్యవేక్షకుడు దొరకని పరిశోధకునికి బల్ల లేదు, పరికరము లేదు, ప్రశ్న లేదు.

ఇవి ఊహలు కావు. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో దళిత, గిరిజన విద్యార్థుల స్థితిని విచారించుటకు ఆచార్య సుఖదేవ్ థొరాట్ అధ్యక్షతన 2006లో నియమించిన సంఘము 2007లో నివేదిక నిచ్చినది. గురువులనుండి తమకు తగిన సహాయము లభించుట లేదని ఆ విద్యార్థులలో మూడింట రెండువంతులకు మించి చెప్పిరి. 2008 ఫిబ్రవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర పరిశోధన చేయ వచ్చిన సెంథిల్‌కుమార్ అను దళిత విద్యార్థి ఆత్మహత్య చేసికొనెను. తమిళనాడులోని సేలము ప్రాంతమునుండి, పందుల పెంపకముతో జీవించు కుటుంబమునుండి, డాక్టరేటు మెట్టువరకు వచ్చినవాడు అతడు. అతనికి పర్యవేక్షకుడు ఏర్పడలేదు. ఒక పాఠ్యాంశములో తప్పుటచే భృతికి ఆటంకము వచ్చినది. విశ్వవిద్యాలయము నియమించిన ఆచార్య వినోద్ పావరాల సంఘము విచారించి, పాఠ్యపరీక్షలకు గాని, పర్యవేక్షకుల కేటాయింపునకు గాని స్పష్టమైన, అందరికి ఒకటియైన పద్ధతి లేదనియు, తాము కలిసికొన్న దళిత, గిరిజన విద్యార్థులలో ఎక్కువమంది శాఖ తమకు ప్రతికూలముగా నడచుచున్నదని తలంచుచున్నారనియు చెప్పినది. ఎవరో ఒక దుష్టుడు చేసిన పని యని ఆ సంఘము చెప్పలేదన్నది గమనింపదగినది. నియమము లేనిచోట అలవాటు రాజ్యము చేయును. అలవాటు తనవంటివానిని ఎన్నుకొనును. 2012లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఉన్నత విద్యాసంస్థలలో సమతను గూర్చి నిబంధనలు వెలువరించినది. 2023 డిసెంబరులో ప్రభుత్వము లోకసభకు చెప్పిన లెక్క ప్రకారము, అంతకు ముందు ఐదేండ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయములను మధ్యలో విడిచిన షెడ్యూల్డు తెగల విద్యార్థులు 2,622 మంది. విడిచిన వారందరు చదువలేక విడువలేదు. కొందరు ఉద్యోగమునకు, కొందరు మరొక సంస్థకు పోయి ఉందురు. కాని ఒక్కొక్కరు ఏల పోయిరో శాఖలు అడిగి వ్రాసికొనిన దాఖలాలు అరుదు. రసాయనశాలలో ఒక గాజు పాత్ర పగిలినను రిజిస్టరులో కారణము వ్రాయుదురు.

ఇట్టి వాదమునకు వెంటనే వచ్చు ప్రతివాదము: ప్రమాణములు పడిపోవును. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. పడిపోయిన ప్రమాణములతో పట్టభద్రుడైన తండా బాలునికి మొదటి నష్టము; అతడు పొందిన పట్టమును లోకము నమ్మదు. కాని ప్రమాణము వేరు, ఆ ప్రమాణమును అందుకొనుటకు శాఖ వేసిన దారి వేరు. ఈ భేదమును అమెరికాలో ఒక గణితశాస్త్రజ్ఞుడు చక్కగా బయటపెట్టెను.

1970లలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో యూరీ ట్రైస్‌మన్ అను యువకుడు, కలనగణితములో నల్లజాతి విద్యార్థులు పెద్దసంఖ్యలో తప్పుచుండగా చైనా సంతతివారు రాణించుటకు కారణము వెదకెను. శ్రద్ధ లేదు, ఇంటిలో చదువు లేదు, పునాది లేదు అని తోటి ఆచార్యులు చెప్పిన కారణములు ఒకటియు నిలువలేదు. అతడు విద్యార్థుల గదులకు పోయి, వారు ఎట్లు చదువుచున్నారో నెలల తరబడి చూచెను. నల్లజాతి విద్యార్థులు ఒంటరిగా, గంటలకొద్ది, పట్టుదలతో చదువుచుండిరి. చైనా సంతతివారు భోజనము చేయుచు, ఒకరి లెక్క నొకరు దిద్దుచు, తప్పిన చోట నవ్వుకొనుచు కలసి చదువుచుండిరి. ఒంటరిగా చదివినవానికి తన తప్పు పరీక్ష నాడు గాని తెలియదు. ట్రైస్‌మన్ చేసిన పని ఏమి? వెనుకబడినవారికి సులభమైన ప్రత్యేక తరగతి పెట్టలేదు. సామాన్య తరగతికంటె కఠినమైన లెక్కలిచ్చి, వానిని గుంపుగా కూర్చుండి సాధింపుడనెను. ఫలితములు తారుమారైనవి. 1988లో టెక్సాస్ విశ్వవిద్యాలయములో మెక్సికో సంతతి విద్యార్థులతో సహా ఇదే పద్ధతి నెలకొల్పిరి.

టెక్సాస్, కాలిఫోర్నియాలలోని ఆ మెక్సికో సంతతి విద్యార్థికిని తండా విద్యార్థికిని పోలిక దూరపుది కాదు. ఇంట స్పానిష్, బడిలో ఇంగ్లీషు. తాత పొలములో కూలి, తండ్రి తోటలో కూలి. ఇంటిలో మొదటి పట్టభద్రుడు తానే. 1982లో లాస్ ఏంజిలిస్ తూర్పుభాగమున గార్‌ఫీల్డ్ ఉన్నతపాఠశాలలో, బొలీవియా నుండి వచ్చిన హైమే ఎస్కలాంటే అను ఉపాధ్యాయుని వద్ద చదివిన 18 మంది కలనగణితపు పై పరీక్షలో ఉత్తీర్ణులైరి. పరీక్షాసంస్థ వారిలో 14 మందిని అనుమానించినది. పన్నెండుమంది మరల పరీక్షకు కూర్చుండి, పన్నెండుగురును నెగ్గిరి. పేదబిడ్డ తప్పినచో సహజమనుకొనుట, నెగ్గినచో అనుమానించుట, ఈ రెండును ఒకే వేరునకు పుట్టిన కొమ్మలు. 1973లో మెక్సికో సంతతివారును, అమెరికా ఆదివాసులును కలిసి తమ శాస్త్రజ్ఞుల సంఘమును స్థాపించుకొనిరి. ఏటేట జరుగు దాని సభలలో డిగ్రీ విద్యార్థి తన ప్రయోగమును తనవారైన ఆచార్యుల ఎదుట నిలిచి వివరించును. తనవంటి ముఖము గల శాస్త్రజ్ఞుని కన్నులార చూచుటకు అతనికి అదే మొదటి అవకాశమగుట కలదు.

బోధన పద్ధతి మార్పు కొందరికే మేలు చేయునని అనుకొనుట కూడ తప్పు. 2014లో ప్రకటితమైన ఒక పరిశీలన విజ్ఞాన, సాంకేతిక, గణిత తరగతులపై జరిగిన 225 అధ్యయనములను కూర్చి చూచినది. ఆచార్యుడు ఉపన్యసింప విద్యార్థులు వినుటయే పద్ధతిగా గల తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పగా, విద్యార్థులచే పని చేయించు తరగతులలో సుమారు 22 మందియే తప్పిరి. 2020లో వచ్చిన మరొక పరిశీలన అట్టి తరగతులలో అల్పసంఖ్యాక వర్గముల విద్యార్థులకును ఇతరులకును నడుమ మార్కుల తేడా మూడవ వంతు తగ్గినదని తేల్చినది. పట్టణపు విద్యార్థికి నష్టము లేదు, అతడును బాగుపడెను. ఈ దేశపు విజ్ఞానశాఖలు విదేశీ పత్రికలలోని కొత్త రసాయన ప్రక్రియలను నెల తిరుగకుండ చదివి అనుసరించును. బోధనపై జరిగిన ప్రయోగములు మాత్రము ప్రయోగములుగా వారికి తోచవు.

ఇంతకు సముద్రములు దాటి పోనక్కరలేదు. 1971లో అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు కాలమున నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి ఆశ్రమ గురుకుల పాఠశాల వెలసినది. 1977లో సాగర్ ఆనకట్టకు కుడిప్రక్క, విజయపురి సౌత్‌లో, గ్రామీణ విద్యార్థులకై గురుకుల డిగ్రీ కళాశాల ఏర్పడినది. గురువు, శిష్యుడు ఒకే ఆవరణలో ఉండుట, సాయంకాలము కలిసి చదువుట, సందేహము పుట్టిన గంటలోనే తీరుట: ట్రైస్‌మన్ బర్కిలీలో కనుగొన్నది ఈ ఆవరణములలో అప్పటికే ఆచారము. 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయలలో మొదలైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఇంకొక అడుగు వేసినది. ప్రభుత్వ పాఠశాలలో చదివిన బాలునికి పదవ తరగతి సగటునకు 0.4 కలిపి, అతడు నడచి వచ్చిన దూరమును లెక్కలోనికి తీసికొన్నది. చేరినపిదప రెండేండ్ల సన్నాహక చదువు పెట్టినది. వీనిలోను లోపములు కలవు. ఇంటినుండి, తండానుండి బాలుని పదేండ్ల వయసుననే వేరుచేయుటవలన గోర్‌బోలి నాలుకమీదనే ఎండిపోవుచున్నది. అయినను నేర్వదగినది అచ్చట కలదు. గురుకులములు ఎక్కించిన మెట్టునుండి విద్యార్థిని అందుకొనవలసిన విశ్వవిద్యాలయ శాఖలు, తమకు ఆ అనుభవముతో పనిలేనట్లున్నవి.

విజయపురి పేరు వచ్చినది గనుక ఒక పాత సంగతి. జలాశయములో మునిగిన నాగార్జునకొండ లోయలో క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని ఉండెను. వీరపురుషదత్తుని కాలపు ఒక శాసనము బోధిశ్రీ అను ఉపాసిక సింహళ స్థవిరుల కొరకు చైత్యగృహము కట్టించెనని చెప్పుచున్నది. అచ్చటనే ఒక సింహళ విహారమును పేర్కొనుచున్నది. ఒక్కొక్క శాఖవారికి వేరువేరు విహారములు ఉండెడివని 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములు కూడ చూపినవి. దూరమునుండి, వేరొక భాషతో వచ్చినవానికి చోటు చేయుట ఆ ఊరివారికి వింత కాలేదు.

ఇక శాఖలకు కలుగు నష్టమును గూర్చి. తండా విద్యార్థి ఏమియు తెలియక వచ్చునని అనుకొనుట అజ్ఞానము. శ్రావణమాసములో వచ్చు తీజ్ పండుగకు తండాలోని పెండ్లికాని ఆడపిల్లలు బుట్టలలో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుదురు; తొమ్మిదిదినములు వేళకు నీరు పోసి మొలకలు పెంచుదురు. ఏ బుట్టలో మొలక ఏపుగా వచ్చినదో, ఏ బుట్టలో నీరు ఎక్కువై కుళ్ళినదో ప్రతి పిల్లకును తెలియును. వృక్షశాస్త్ర శాఖలో బీజాంకురణమును బోధించు ఆచార్యునికి, ఏటేట చేయబడు ఇంతటి ప్రయోగము తన విద్యార్థిని ఇంటిలోనే ఉన్నదని తెలిసినచో పాఠము వేరుగా ఉండును.

ఫ్లోరైడు సంగతి ఇంకను స్పష్టము. దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల బావినీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించి ఫ్లోరైడు ఉండుటచే తరతరముల ప్రజల పండ్లు గారపట్టినవి, ఎముకలు వంగినవి. నీటికి పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తీయు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో రూపొందించినది; దానికి లోకమంతట పేరు "నల్లగొండ పద్ధతి". పటికనుండి పుట్టు అల్యూమినియం హైడ్రాక్సైడు ముద్దలకు ఫ్లోరైడు అంటుకొని అడుగునకు దిగును. పద్ధతికి జిల్లా పేరు దక్కినది. ఆ జిల్లా తండానుండి వచ్చి, ఎముకలు వంగిన తాతను చూచి పెరిగిన విద్యార్థిని ఏ రసాయనశాఖ "నీ ఊరి బావినీరు సీసాలో తెమ్ము" అని అడిగిన నాడు, ఆ ప్రయోగమునకు అతడే పెద్ద.

2003 ఆగస్టులో సాగర్ జలాశయమునకు అతిసమీపమున లంబాపురం, పెద్దగట్టు ప్రాంతమున యురేనియం త్రవ్వకముల ప్రతిపాదనపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. ఆ చుట్టుప్రక్కల ఉన్నవి తండాలే. ఇట్టి సభలకు ముందు నివేదిక సారాంశము స్థానిక భాషలో ఇవ్వవలెనని నియమము; స్థానిక భాష అనగా తెలుగు. యురేనియం సగము క్షీణించుటకు సుమారు 450 కోట్ల సంవత్సరములు పట్టుననియు, దానినుండి పుట్టు రేడాన్ వాయువు నాలుగుదినములలోపే సగమగుననియు, ఈ రెంటిలో మొదటిది మెల్లగా, రెండవది త్వరగా ఏల క్షీణించునో, గని మిగిల్చిన మట్టిగుట్టనుండి భయపడవలసినదేమో, అక్కరలేనిదేమో, తండా పెద్దకు అతని భాషలో, అతనికి నమ్మకము గల నోటితో చెప్పవలసి యుండెను. త్రవ్వకము ఆరంభము కాలేదు. అనుకూలమో ప్రతికూలమో నిర్ణయించుకొను హక్కు ఆ ప్రజలది. ఆ నిర్ణయమునకు కావలసిన భౌతికశాస్త్రము మాత్రము ప్రభుత్వపక్షపు నిపుణుని నుండియో, వ్యతిరేకపక్షపు నిపుణుని నుండియో రావలసినదే; తమ చుట్టములలో ఒకడు చెప్పు వీలును విజ్ఞానశాఖలు ఇంకను కల్పింపలేదు.

శాఖలు చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రయోగశాలలో జంటలను ఆచార్యుడే నిర్ణయించి, నెలకొకసారి మార్చుటయు, పరికరమును ఎవరు త్రిప్పవలెనో వంతులు వేయుటయు ఒక గంట పని. మౌఖిక పరీక్షలో విద్యార్థి తెలుగులో జవాబు చెప్పినను వినవచ్చును. విషయము సరియైనచో మార్కు విషయమునకే ఇవ్వవలెను. "రెమిడియల్" అను పేరుతో సాయంకాలము వేరుగా కూర్చుండబెట్టుట మానవలెను; ఆ గదికి పోవుటయే సిగ్గుగా చేసినపిదప అందులో చదువు సాగదు. దానికి బదులు కఠినమైన లెక్కల గోష్ఠిని అందరికి తెరచి, తండా విద్యార్థిని మొదట పిలువవలెను. పర్యవేక్షకుల కేటాయింపు ఏ తేదీలోపల, ఏ పద్ధతిన జరుగునో ప్రవేశము నాడే ప్రకటనబల్లమీద అంటింపవలెను. ఆ తేదీ దాటినచో జవాబు చెప్పవలసినది శాఖాధ్యక్షుడు.

పదముల సంగతి మిగిలినది. ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరపు ప్రతి పాఠమునకు నాలుగైదు పుటల పదపట్టిక చాలును. ఎడమగడిలో డిగ్రీ పుస్తకపు తెలుగు మాట, ప్రక్కగడిలో తరగతిలో వినబోవు మాట తెలుగు లిపిలో, దాని ఉచ్చారణతో. ముందు సంవత్సరము అదే బాధపడిన విద్యార్థులే దీనిని అందరికంటె బాగుగా కూర్చగలరు. ఏ మాట వద్ద తడబడిరో వారికి జ్ఞాపకముండును. మూడవగడి గోర్‌బోలికి. దానిలో చాలభాగము మొదట ఖాళీగానే ఉండును. విత్తు, మొలక, నీరు, బరువు, ఎండ, వేడి వంటి కొన్నిటి ఎదుట మాత్రము మాట పడును.